హాల్లో ఎగిరే బుల్లి విమానం: గడికి ఎన్ని గ్రాములు?

విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద సాయంత్రం నడిచేవారికి హాయిగా తగిలే సముద్రపు గాలి, అరచేతిలో ఇమిడే రేడియో కంట్రోల్ విమానానికి మాత్రం ఎదురులేని ప్రత్యర్థి. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎగిరే విమానానికి 15 కిలోమీటర్ల గాలి ఎదురైతే, అది ముందుకు వెళుతున్నట్టే ఉండి వెనక్కి కొట్టుకుపోతుంది. అందుకే బుల్లి విమానాల మీద మనసున్నవారి చూపు నాలుగు గోడల మధ్య చోటు మీదికి మళ్లుతుంది. బ్యాడ్మింటన్ హాళ్లు, బడి ఆడిటోరియాలు, ఆషాఢంలోనూ మూఢాల్లోనూ ముహూర్తాలు లేక ఖాళీగా ఉండే కల్యాణ మండపాలు ఇందుకు పనికొస్తాయి. బయట వాన పట్టి ఉండే ఆషాఢంలోనే మండపం తక్కువ అద్దెకు దొరకడం ఈ సరదా ఉన్నవారికి కలిసొచ్చిన విషయం.

చోటు దొరికాక వచ్చే ప్రశ్న ఏ విమానం కొనాలన్నది. కొనేవారిని తికమక పెట్టేది ఇక్కడే.

‘ఇండోర్’ అనే మాట వెనుక కొలత లేదు

కార్బన్ పుల్లల చట్రం మీద పల్చటి ఫిల్మ్ అతికించిన 15 గ్రాముల విమానం పెట్టె మీదా ‘ఇండోర్’ అనే ఉంటుంది, 60 గ్రాముల ఫోమ్ యుద్ధ విమానం పెట్టె మీదా అదే మాట ఉంటుంది. మొదటిది డ్రాయింగ్ రూమ్ కన్నా కాస్త పెద్ద గదిలో తిరగగలదు, రెండవది బాస్కెట్‌బాల్ కోర్టులో కూడా ఇమడకపోవచ్చు. ఎంత చోటు ఉంటే ఇండోర్ అనాలో, ఎంత వేగం లోపు ఉంటే ఇండోర్ అనాలో పెట్టె మీద ఎవరూ రాయరు. రాసేది రెక్కల పొడవు, ఛానళ్ల (రిమోట్ పంపే విడివిడి ఆదేశాల) సంఖ్య, ఒక్కోసారి బరువు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా మన ప్రశ్నకు జవాబు చెప్పదు. జవాబు చెప్పేది బరువుకూ రెక్క వైశాల్యానికీ ఉన్న నిష్పత్తి. విమానాల వాళ్లు దానిని వింగ్ లోడింగ్ అంటారు.

రెక్కను గడులుగా లెక్కపెట్టడం

రెక్కను గ్రాఫ్ కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీయండి. పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చదరాన్ని ఒక గడి అనుకుందాం. లెక్కల పుస్తకం దానినే చదరపు డెసిమీటరు అంటుంది. 40 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్కకు నాలుగు గడులు. బ్యాటరీతో సహా విమానం బరువు 16 గ్రాములైతే ఒక్కో గడి నాలుగు గ్రాములు మోస్తుంది. ఈ నాలుగునే ఇకపై గడి భారం అందాం.

‘బ్యాటరీతో సహా’ అన్న మాటను ఊరికే వేయలేదు. నా దగ్గర నాలుగు గడుల రెక్కే ఉన్న ఒక ఫిల్మ్ విమానం పెట్టె మీద 12 గ్రాములని ఉంది. ఇంట్లో సరుకులు తూచే కాటాకు గ్రాములో పదో వంతు తెలియదు కనుక, కురుపాం మార్కెట్‌లో తెలిసిన నగల కొట్టుకు పట్టుకెళ్లాను. ఫ్యాను కట్టేసి, కాటాకున్న గాజు తలుపు మూయబోతే రెక్క పట్టక తెరిచే ఉంచి, ఉంగరాలు తూచే పళ్లెంలో దానిని నిలబెడితే 12.3 చూపించింది. వేలి గోరంత వెడల్పున్న బ్యాటరీ తగిలించగానే 16.1కి వెళ్లింది. పెట్టె అబద్ధం చెప్పలేదు, బ్యాటరీ సంగతి చెప్పలేదంతే. మూడు అనుకున్న గడి భారం నాలుగైంది, ఆ తేడా ఎంతటిదో కాసేపట్లో తెలుస్తుంది.

నాలుగు గ్రాములంటే ఎంత తేలికో ఊహకు అందాలంటే, బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా నిలిచి ఉన్న నౌకాదళపు టీయూ-142ను గుర్తు చేసుకోవచ్చు. ఆ రకం విమానం గరిష్ఠంగా 185 టన్నుల బరువుతో పైకి లేవగలదు, రెక్కల వైశాల్యం సుమారు 290 చదరపు మీటర్లు, అంటే 29,000 గడులు. ఒక్కో గడి మీద ఆరు కిలోలకు పైగా పడుతుంది. మన ఫిల్మ్ విమానంతో పోలిస్తే అది దాదాపు 1,600 రెట్లు. గాలిలో నిలవడానికి కావలసిన వేగం మాత్రం అన్ని రెట్లు పెరగదు, గడి భారపు వర్గమూలంతో పాటు పెరుగుతుంది. నెమ్మదిగా ఎగరడానికి రెక్క అంచున దించే ఫ్లాప్‌ల వంటి ఏర్పాట్లను పక్కన పెడితే అది సుమారు 40 రెట్లు. ఆ మహాకాయానికి కిలోమీటర్ల కొద్దీ రన్‌వే కావలసి రావడానికీ, మన బుల్లి విమానం మండపంలో తిరగగలగడానికీ కారణం ఒక్కటే.

వేగం నుంచి మలుపు వరకు

రెక్క మీదుగా గాలి తగినంత వేగంగా పారుతున్నంతసేపే రెక్క విమానాన్ని మోస్తుంది. వేగం ఒక హద్దు దాటి తగ్గితే రెక్క పట్టు తప్పి, ముక్కు కిందికి వాలి, విమానం జారిపోతుంది. దీనిని స్టాల్ అంటారు. సముద్ర మట్టంలో ఉన్న విశాఖలో, 30 డిగ్రీల వేడిలో, ఇలాంటి పల్చటి రెక్కకు ఆ హద్దును ఉజ్జాయింపుగా ఇలా కట్టవచ్చు: గడి భారానికి వర్గమూలం తీసి 1.3తో గుణిస్తే, స్టాల్ వేగం సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. గడి భారం నాలుగైతే వర్గమూలం రెండు, స్టాల్ వేగం 2.6 మీటర్లు.

హద్దు మీదే ఎవరూ ఎగరేయరు. దానికి మరో 30 శాతం కలుపుకుని సెకనుకు 3.4 మీటర్లతో ఎగరేస్తామనుకుందాం. గంటకు 12 కిలోమీటర్లు, సైకిల్ మీద నింపాదిగా వెళ్లేవారి వేగం.

విమానం మలుపు తిరగాలంటే రెక్కలను ఒక పక్కకు వాల్చాలి. ఆ వాలు ఎంత, వేగం ఎంత అన్న రెండే మలుపు వలయాన్ని నిర్ణయిస్తాయి. వేగం రెట్టింపైతే వలయం నాలుగింతలవుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి కుదిరే 30 డిగ్రీల వాలు దగ్గర లెక్క కడితే చక్కటి ఫలితం ఒకటి వస్తుంది: మలుపు వలయపు వ్యాసం ఎన్ని మీటర్లో, ఆ సంఖ్య దాదాపు గడి భారంతో సమానం. గడి భారం నాలుగైతే వలయం నాలుగు మీటర్లు, తొమ్మిదైతే తొమ్మిది. పైన చెప్పిన 1.3లతోనూ, గంభీరమైన గురుత్వాకర్షణ సంఖ్యతోనూ గుణకారాలన్నీ కలిసి ఒకటి దగ్గర తేలడం యాదృచ్ఛికమే అయినా, కొనేవారికి ఇంతకన్నా సులువుగా గుర్తుండే సూత్రం నాకు తెలియదు.

పెట్టె చెప్పని బ్యాటరీ ఇప్పుడు లెక్కకు వస్తుంది. నాలుగు గ్రాముల బ్యాటరీ వలయాన్ని మూడు మీటర్ల నుంచి నాలుగు మీటర్లకు పెంచింది.

ఒకే పొడవు రెక్కలున్న మూడు విమానాలు

పైన చెప్పుకున్న నాలుగు గడుల రెక్కనే మూడు విమానాలకు తగిలిద్దాం. రెక్కల పొడవు మూడింటికీ 40 సెంటీమీటర్లే కనుక పెట్టె మీద ఆ వరుస ఒకేలా ఉంటుంది. బరువులు మాత్రం 16, 36, 64 గ్రాములు. గడి భారాలు నాలుగు, తొమ్మిది, పదహారు.

మొదటిది సెకనుకు 3.4 మీటర్లతో ఎగురుతూ నాలుగు మీటర్ల వలయంలో తిరుగుతుంది. రెండు పక్కలా గోడకు ఒక్కో మీటరు వదిలినా ఆరు మీటర్ల వెడల్పు చాలు. ఒక బ్యాడ్మింటన్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు ఉంటుంది. చేయి తిరిగినవారు ఒక్క కోర్టులో నెట్ తీసేసి దీనిని ఆడించగలరు.

రెండవది సెకనుకు అయిదు మీటర్లు దాటుతుంది, వలయం తొమ్మిది మీటర్లు. వేగం పెరిగింది కనుక గోడకు రెండేసి మీటర్లు వదలాలి, మొత్తం 13. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కనుక అందులో ఇది ఇముడుతుంది, మామూలు మండపంలో కష్టం.

మూడవది సెకనుకు 6.8 మీటర్లు. పదహారు మీటర్ల వలయానికి అటూ ఇటూ రెండేసి మీటర్లు కలిపితే 20. బాస్కెట్‌బాల్ కోర్టు వెడల్పు దీనికి చాలదు. కోర్టు పొడవునా ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగు సెకన్లలో చేరుతుంది, మొదటి విమానానికి అదే దూరం ఎనిమిది సెకన్లు పడుతుంది. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయి. కొత్తవారికి ఆ తారుమారును తలలో సరిచేసుకోవడానికే ఒక సెకను పోతుంది. ఎనిమిదిలో ఒకటి పోతే సర్దుకోవచ్చు, నాలుగులో ఒకటి పోయి, మిగిలిన మూడింటిలో 20 మీటర్లు కావలసిన మలుపు తిరగడమంటే గోడకు తగలడమే. పిల్లలకు మొదటి విమానంగా ఈ మూడవ రకం కొనిపెట్టి, మొదటి రోజే విరిగిన ముక్కు పట్టుకుని ఇంటికి వచ్చిన తల్లిదండ్రులను చూశాను. పిల్లల చేతకానితనం అందులో ఏమీ లేదు, ఆ హాల్లో ఆ మలుపు ఎవరికీ పడదు.

వెడల్పుతో పాటు ఎత్తునూ చూడాలి. అంతర్జాతీయ పోటీలకు కట్టిన బ్యాడ్మింటన్ హాళ్లలో పైకప్పు కనీసం తొమ్మిది మీటర్ల ఎత్తులో ఉంటుంది, స్వర్ణభారతి ఇండోర్ స్టేడియం లాంటి పెద్ద కట్టడాల్లో ఎత్తుకు లోటుండదు. కల్యాణ మండపంలో షాండ్లియర్లు, సీలింగ్ ఫ్యాన్లు, పూల అలంకరణకు వేసిన కమ్మీలు తలకు కాస్త పైనే మొదలవుతాయి. ఫ్యాన్లు తిరుగుతుంటే వాటి కింది గాలే గడి భారం నాలుగున్న విమానాన్ని నేలకు నొక్కేస్తుంది కనుక కట్టేయవలసిందే. తలుపులు మూసి, ఫ్యాన్లు కట్టేసి, మే నెల విశాఖ ఉక్కపోతలో అరగంట నిలబడడం మాటలు కాదు. ఇక్కడ హాల్లో ఎగరేసేవారికి తెల్లవారుజామే అనువైన వేళ.

గైరో ఉంటే చాలదా?

ఇప్పుడు వస్తున్న చాలా బుల్లి విమానాల్లో గైరో ఉంటోంది. విమానం ఏ పక్కకు ఎంత వేగంగా తిరుగుతోందో పసిగట్టి, అక్కరలేని కుదుపును అదే సరిచేస్తుంది. కొన్నింటిలో దానికి తోడు కిందు ఎటో పసిగట్టే యాక్సిలరోమీటర్ కూడా ఉండి, రిమోట్ మీది స్టిక్ వదిలేయగానే రెక్కలను సమంగా తెస్తుంది. దీనిని సమర్థించేవారి వాదనలో బలముంది. నేర్చుకునేవారు విమానాన్ని తలకిందులు చేసుకునే ప్రమాదం బాగా తగ్గుతుంది, తలుపు సందులోంచి వచ్చే గాలి తెరకు విమానం బెదరదు. గైరో వద్దనేవారు చెప్పేదీ కొట్టిపారేయదగింది కాదు. రెక్కలను సమంగా ఉంచడం చేతికి అలవడకముందే యంత్రం ఆ పని చేసిపెడితే, గైరో లేని విమానం చేతికొచ్చిన రోజున మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుందని వారి అభిప్రాయం.

ఈ వాదంలో ఇరువర్గాలూ సాధారణంగా ప్రస్తావించని సంగతి ఒకటుంది. గైరో స్టాల్ వేగాన్ని తగ్గించలేదు, గోడ ఎక్కడుందో దానికి తెలియదు. పైగా నేర్చుకునేవారి కోసం పెట్టే మోడ్, విమానం మరీ వాలిపోకుండా వాలుకు హద్దు వేస్తుంది. ఆ హద్దు 20 డిగ్రీలనుకుంటే, 30 డిగ్రీల దగ్గర నాలుగు మీటర్లున్న వలయం 6.4 మీటర్లవుతుంది, తొమ్మిది మీటర్లున్నది 14 మీటర్లు దాటుతుంది. ఆరుబయట భద్రతనిచ్చే మోడే ఇరుకు హాల్లో గోడకు దగ్గర చేస్తుందన్న మాట. అలాగని 45 డిగ్రీలు వాలిస్తే వలయం బాగా చిన్నదవుతుంది కాని, వాలిన రెక్క బరువుతో పాటు మలుపును కూడా మోయవలసి రావడం వల్ల స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది, మనం ఉంచుకున్న 30 శాతం వెసులుబాటులో ఎక్కువ భాగం అక్కడే కరిగిపోతుంది. గడి భారం తక్కువున్న విమానానికి గైరో మంచి తోడు. గడి భారం ఎక్కువున్న విమానాన్ని గైరో చూసి హాలుకు కొనడం మాత్రం పొరపాటని నా నిశ్చితాభిప్రాయం.

రెండు మోటార్లవి, మూడు ఛానళ్లవి

ఛానల్ అంటే చేతిలోని ట్రాన్స్‌మిటర్ నుంచి విమానానికి విడిగా వెళ్లే ఒక్కో ఆదేశం. మూడు ఛానళ్ల విమానంలో మోటారు వేగం ఒకటి, తోక మీద నిలువుగా ఉండి కుడి ఎడమలకు తిప్పే రడ్డర్ ఒకటి, అడ్డంగా ఉండి ముక్కును ఎత్తి దించే ఎలివేటర్ ఒకటి. రెక్క అంచుల్లో విమానాన్ని పక్కకు వాల్చే ఐలరాన్లు చేరితే నాలుగు.

తక్కువ ధరలో ఎక్కువగా దొరికేవి రెండు ఛానళ్లవి. వీటికి తోకలో కదిలే భాగాలుండవు. రెక్కల మీద చెరొక మోటారు ఉండి, ఎడమది వేగంగా తిరిగితే విమానం కుడికి, కుడిది వేగంగా తిరిగితే ఎడమకు మళ్లుతుంది. విరగడానికి సన్నటి పుల్లలేవీ లేకపోవడం, మెత్తటి ఫోమ్ గోడకు తగిలినా సొట్టతో సరిపెట్టుకోవడం వీటి సుగుణాలు. చిక్కేమిటంటే, మళ్లించేది మోటార్లే కనుక థ్రాటిల్, అంటే మోటార్ల వేగం, తగ్గించిన కొద్దీ మళ్లే శక్తి కూడా తగ్గుతుంది. హాలు చివరికి వచ్చి, ఎత్తు తగ్గించుకుని మలుపు తిరగాలనుకునే క్షణంలో, అంటే అవసరం ఎక్కువగా ఉన్నప్పుడే చేయి ఖాళీ అవుతుంది. ఎలివేటర్ లేదు కనుక ముక్కు ఎత్తి వేగాన్ని చంపే దారీ లేదు. బడి మైదానంలో గాలి లేని ఉదయాన ఇవి ఆనందాన్నిస్తాయి, హాలుకైతే మూడు ఛానళ్లవే నయం. ఐలరాన్లున్న నాలుగు ఛానళ్లవి విన్యాసాల కోసం. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ఎఫ్‌ఏఐ పోటీల్లో ఎఫ్3పీ అన్న ఇండోర్ విన్యాసాల విభాగమే ఉంది, అందులోనూ గెలుపోటముల మూలం బరువు తగ్గించడంలోనే ఉంటుంది.

ఫిల్మ్, ఫోమ్, థర్మాకోల్

ఫిల్మ్ విమానాలు అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా సుకుమారం. పార్క్‌జోన్ సంస్థ వేపర్ ఈ తరగతికి పేరు తెచ్చింది, దాని బరువు 15 గ్రాముల పరిసరాల్లో ఉండేది. ఫోమ్‌లో ఈపీపీ అన్నది వంచినా తిరిగి నిలబడే రకం. పెళ్లి వేదికలకు వాడే థర్మాకోల్ చవక కాని పెళుసు. అట్టలా పల్చగా దొరికితే ఇంట్లో చేసుకునేవారికి అదీ పనికొస్తుంది. ఇంత తక్కువ వేగంలో లావుపాటి రెక్క కన్నా కాస్త వంపున్న పల్చటి పలకే బాగా మోస్తుంది కనుక, నిజం విమానంలా కనిపించే ఉబ్బెత్తు రెక్కకు హాల్లో ప్రత్యేక ప్రయోజనమేమీ లేదు. ఇంట్లో చేసుకోవడమా, కొనుక్కోవడమా అన్నది ఓపికను బట్టి ఉంటుంది. జిగురు బొట్టు కూడా గ్రాముల్లోకి వచ్చే పని ఇది.

బొమ్మా, డ్రోనా?

ఒకే బుల్లి విమానాన్ని ఒకచోట బొమ్మగా, ఇంకోచోట డ్రోన్‌గా అమ్ముతుంటారు. ఈ గందరగోళానికి కారణం చట్టాలు రెండు వైపుల నుంచి రావడం. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాలు మనిషి లేకుండా ఎగిరే విమానాలను కూడా, నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్లతో పాటు, తమ పరిధిలోనే లెక్కించాయి. బరువు 250 గ్రాములు దాటనివి నానో తరగతి, వాటిని ఎగరేయడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. మన మూడు విమానాల్లో అత్యంత బరువైన 64 గ్రాములది కూడా ఆ హద్దులో నాలుగో వంతే. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న కేంద్రం నిషేధించింది, విడిభాగాలకు ఆ నిషేధం లేదు. అంతర్జాతీయ కస్టమ్స్ వర్గీకరణ మాత్రం వినోదానికే తయారైన ఎగిరే బొమ్మలను మానవరహిత విమానాల పద్దు నుంచి తప్పించి బొమ్మల పద్దులో వేస్తుంది. ఆ పద్దులోకి వస్తే 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. ఒకే విమానం ఒకచోట బొమ్మగా, ఇంకోచోట డ్రోన్‌గా కనిపించడానికీ, ధరలు అంతంత తేడాతో ఉండడానికీ ఇవన్నీ కారణాలే.

విశాఖకు అదనంగా ఒక సంగతి ఉంది. నౌకాదళపు వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా, తూర్పు నౌకాదళ కమాండ్ రెండూ ఈ నగరంలోనే ఉన్నాయి. మేడ మీదో, బీచ్‌లోనో ఎగరేసే ముందు డ్రోన్లను ఎక్కడ ఎగరేయవచ్చో రంగులతో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడక తప్పదు. యజమాని అనుమతితో నాలుగు గోడల మధ్య తిరిగే 16 గ్రాముల విమానం ఎవరి ఆకాశంలోకీ వెళ్లదు.

నేల మీది టైల్స్ చెప్పే వేగం

కొన్న విమానం మన లెక్కకు సరిపోయిందో లేదో హాల్లోనే తెలుసుకోవచ్చు. చాలా మండపాల్లో నేలకు 60 సెంటీమీటర్ల టైల్స్ పరిచి ఉంటారు. మోటారు ఆపేసి, బ్యాటరీ తగిలించే ఉంచి, భుజం ఎత్తు నుంచి విమానాన్ని ముందుకు సమంగా వదిలితే అది నిదానంగా దిగుతూ వెళుతుంది. పక్కన ఒకరు ఫోన్‌లో వీడియో తీయాలి. విమానం పది టైల్స్, అంటే ఆరు మీటర్లు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో వీడియోను నెమ్మదిగా నడిపి చూడాలి. నా ఫిల్మ్ విమానానికి 1.75 సెకన్లు పట్టింది. ఆరును 1.75తో భాగిస్తే సెకనుకు 3.4 మీటర్లు. అదే విమానానికి ఇంకాస్త ఎక్కువసేపు ఎగరాలన్న ఆశతో రెట్టింపు సామర్థ్యమున్న బ్యాటరీ తగిలిస్తే బరువు 20 గ్రాములైంది, పది టైల్స్ 1.6 సెకన్లలోపే దాటేసింది, వలయం అయిదు మీటర్లకు పెరిగింది. ఆ మండపంలో స్తంభాల మధ్య దూరం అయిదున్నర మీటర్లు. చిన్న బ్యాటరీయే మళ్లీ తగిలించాను.